తాళంచెవులు ఎవరి కొంగున ఉన్నాయి?

(స్త్రీల సంస్థల్లో పనిచేసే కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



వెబ్‌సైట్ల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, సోషియాలజీ చదువుకున్నదాన్ని నేనెందుకు, ఎవరైనా ఇంజనీరుని పిలుచుకోండి అన్నాను. "ఇంజనీర్లు వచ్చి వెళ్లారు మేడమ్. వాళ్లు చెప్పింది మాకర్థం కాలేదు, మేమడిగింది వాళ్లకర్థం కాలేదు" అన్నారు. అందుకని ఒప్పుకున్నాను. నేను చెప్పేది యంత్రం గురించి తక్కువ, దాని తాళంచెవులు ఎవరి దగ్గరుంటాయనే దాని గురించి ఎక్కువ.

ముందు ఒక అనుభవం చెప్తాను. ఓ జిల్లా కేంద్రంలో పనిచేసే మహిళా సంస్థతో నాకు చాలా ఏళ్ల పరిచయం. నా పరిశోధనలో పెద్ద భాగం వాళ్ల కౌన్సెలింగ్ కేంద్రంలో ఓ మూల బల్ల మీద కూర్చుని చేసిందే. 2012లో ఎవరో దాతలు ఇచ్చిన డబ్బుతో వాళ్లు వెబ్‌సైట్ పెట్టించుకున్నారు. చేసిన కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. అందంగా చేశారు, పైన బొమ్మలు కదిలేవి. అందరూ సంతోషించారు. కొన్నాళ్లకి కేంద్రం అద్దె ఇల్లు మారింది, ల్యాండ్‌లైన్ పోయింది, కొత్త నంబరు వచ్చింది. సైట్‌లో నంబరు మార్చాలంటే కంపెనీకి చెప్పాలి. సంవత్సరానికి కట్టే మెయింటెనెన్సు డబ్బు బాకీ ఉంది కాబట్టి ముందు అది కట్టమన్నారు. ఆ పద్దు ప్రాజెక్టు బడ్జెట్‌లో లేదు. అట్లా అయిదు నెలలు, 'మీరు హింసలో ఉన్నారా? వెంటనే ఫోన్ చేయండి' అన్న పెద్ద అక్షరాల కింద మూగబోయిన నంబరు ఉండిపోయింది.

ఆ అయిదు నెలల్లో ఎవరు ఫోన్ చేశారో మనకు తెలీదు. తెలుసుకునే మార్గమూ లేదు. భర్త బయటికి వెళ్లిన పావుగంటలో, పక్కింటి వాళ్ల ఫోన్ తీసుకుని చేసే ఆడవాళ్లు ఎంతమందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పావుగంట మళ్లీ దొరకదు.

కథ అక్కడితో అయిపోలేదు. కొన్నేళ్లకి ఆ కంపెనీ మూతపడింది. సైట్ మాయమైంది. చిరునామా, అంటే డొమైన్ పేరు, సంస్థ పేరు మీద కాకుండా ఆ కంపెనీ యజమాని పేరు మీద రిజిస్టరయి ఉందని అప్పుడు తెలిసింది. ఆయన దొరకలేదు. అది గడువు తీరి వేరెవరికో పోయింది. సైట్‌తో పాటు ఏడేళ్ల నిజనిర్ధారణ నివేదికలు పోయాయి. వరకట్నం చావుగా అందరూ నమ్మిన ఒక కేసులో చనిపోయినామె చెల్లెలు, అప్పీలు కోసం ఆ నివేదిక అడుగుతూ వచ్చింది. నివేదిక సాక్ష్యంగా చెల్లుతుందని ఎవరూ అనుకోలేదు. కానీ సంఘటన జరిగిన మూడో రోజున ఇరుగుపొరుగు ఏమన్నారో, ఎవరన్నారో, తరవాత వాళ్లే మాట మార్చకముందు ఏం చెప్పారో అందులో ఉంది. లాయరుకి కావలసింది అదే. ఆఫీసులో వెతికాం. పాత కంప్యూటరు ఎప్పుడో పాతసామాన్ల వాడికి వెళ్లిపోయింది. చివరికి రిటైరయిన ఒక కార్యకర్త ఇంట్లో, ఇనప్పెట్టెలో, జిరాక్స్ కాపీ దొరికింది. రెండు పేజీలు లేవు.

ఇందులో తప్పెవరిదంటే వేలు ఒక్కరి వైపే చూపించలేను. కంపెనీ మోసం చేసిందనడం తేలిక. కానీ అసలు ఏర్పాటే అట్లాంటిది. సైట్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ సొంతంగా రాసుకున్నది. లోపల ఏముందో వాళ్లకే తెలుసు. వేరేవాళ్లు చూడ్డానికి లేదు, చూసినా వాడ్డానికి హక్కు లేదు. వాళ్లు పోతే దానితో పాటు మన రాతా పోతుంది. మన ఇంటిని మనం కట్టించుకున్నాం గానీ, తాళంచెవులు మేస్త్రీ జేబులో ఉండిపోయాయి.

ఇప్పుడు కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అన్న మాటకి వద్దాం. 'విషయ నిర్వహణ వ్యవస్థ' అని తెలుగు చేస్తే సర్కారీ జీవోలా ఉంటుంది, కాబట్టి సీఎంఎస్ అనే అందాం. మొదట్లో వెబ్‌సైట్ పేజీలను ఒక్కొక్కటీ విడిగా కోడ్‌లో రాసేవారు. నలభై పేజీల్లో ఫోన్ నంబరుంటే నలభై చోట్లా మార్చాలి. సీఎంఎస్ చేసిన పని, రాసిన విషయాన్నీ కనిపించే రూపాన్నీ విడదీయడం. పత్రిక పని చేసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది. మేటర్ వేరు, లేఅవుట్ వేరు. మేటరంతా డేటాబేస్‌లో ఉంటుంది, రూపం ఒక అచ్చులో ఉంటుంది. మీరు మామూలు బ్రౌజర్‌లో లాగిన్ అయి, ఈమెయిల్ రాసినంత సులువుగా రాసి మీట నొక్కితే అది సైట్‌లో కనిపిస్తుంది. నంబరు ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. ఇంజనీరు అక్కర్లేదు.

ఈ సౌకర్యం డబ్బుకి అమ్మే సీఎంఎస్‌లలోనూ ఉంది. మరి ఓపెన్ సోర్స్ అని పట్టుబట్టడం దేనికి? ఇక్కడే హక్కుల మాట వస్తుంది.

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామర్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. 1989లో జీపీఎల్ అనే లైసెన్సు రాశాడు. ఆ లైసెన్సు కింద వచ్చిన సాఫ్ట్‌వేర్‌ని ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల ఎట్లా పనిచేస్తుందో చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు. ఒకటే షరతు. మీరు మార్చి పంచితే, మీకు దక్కిన ఈ హక్కులన్నీ పుచ్చుకున్నవాళ్లకీ దక్కాలి. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు విత్తనాలు దాచుకునే పద్ధతి మీలో చాలామంది చూశారు. తీసుకున్న విత్తనానికి పంట చేతికొచ్చాక మళ్లీ విత్తనమే తిరిగి ఇస్తారు. ఏటేటా దుకాణంలో కొనాల్సిన హైబ్రిడ్ విత్తనానికీ దానికీ ఉన్న తేడా వాళ్లకి ఎవరూ పాఠం చెప్పలేదు. జీపీఎల్ చేసేదీ ఇంచుమించు అదే. ఆ స్త్రీలే 2008లో మాచనూరులో సొంత రేడియో కూడా పెట్టుకున్నారు. తమ మాట తమ చేతిలోని యంత్రంలోంచి రావాలని పట్టుబట్టినవాళ్లు మన దగ్గరే ఉన్నారని గుర్తుచేయడానికి చెప్తున్నాను.

ఈ లైసెన్సు వల్ల ఏం జరుగుతుందో వర్డ్‌ప్రెస్ పుట్టుకలోనే చూడొచ్చు. బీ2 అని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉండేది. దాన్ని రాసినాయన పనిమానేశాడు. మామూలుగా అయితే వాడుకునేవాళ్ల గతి మన జిల్లా సంస్థ గతే. కానీ అది జీపీఎల్ కింద ఉంది. అమెరికాలో మాట్ ముల్లెన్‌వెగ్ అనే కుర్రాడు, ఇంగ్లండులో మైక్ లిటిల్, దాన్ని అందుకుని ముందుకు తీసుకెళ్లారు. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ మొదటి కూర్పు వచ్చింది. ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పదింట నాలుగు దాని మీదే నడుస్తున్నాయి. అంతకు ముందే, 2001లో, ద్రుపల్ వచ్చింది. 2005లో మాంబో అనే దాన్నించి విడిపోయి జూమ్లా వచ్చింది. చేసినవాళ్లు వదిలేసినా, దారి తప్పినా, వాడేవాళ్లు దాన్ని తీసుకుని వేరుపడొచ్చు. కాపురంలోంచి బయటికొచ్చేటప్పుడు సామాను మనతో తెచ్చుకునే హక్కు లాంటిది ఇది. ఆ హక్కు విలువ కౌన్సెలింగ్ చేసినవాళ్లకి బాగా తెలుసు.

ఓపెన్ సోర్స్ అన్న పేరు ఎట్లా వచ్చిందో కూడా వినండి. ఇంగ్లీషులో 'ఫ్రీ' అంటే రెండర్థాలు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అంటే అందరూ ఊరికే ఇచ్చేదనుకునేవారు. మనకా ఇబ్బంది లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో ఈ పనిచేస్తున్న సంస్థ పేరే స్వేచ్ఛ. ఇంగ్లీషువాళ్లకి మరో మాట కావలసి వచ్చింది. 1998 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలో జరిగిన ఒక చిన్న సమావేశానికి 'ఓపెన్ సోర్స్' అన్న మాటని తీసుకొచ్చింది క్రిస్టీన్ పీటర్సన్ అనే స్త్రీ. ఆ సంగతి ఆమే 2018లో రాసింది. ఆ గదిలో ఆమె ఆ మాటని నేరుగా ప్రతిపాదించడానికి వెనకాడింది. ప్రోగ్రామర్ల మధ్య తనకి అంత స్థానం లేదనుకుంది. ఆమె ఆలోచన తెలిసిన ఒక మగ మిత్రుడు మాటల మధ్యలో దాన్ని వాడాడు. కాసేపటికి ఇంకొకరు వాడారు. అట్లా అది స్థిరపడింది. ఇరవయ్యేళ్ల దాకా చాలామందికి ఆమె పేరే తెలీదు. మీలో ఎంతమంది ఎన్ని మీటింగుల్లో ఇట్లా కూర్చున్నారో చేతులెత్తమని అడగను.

ఇక మన పనికి వద్దాం. నేను ముఖ్యమనుకునేది గోప్యత. అత్యాచారానికి గురైన స్త్రీ గుర్తింపు బయటపెట్టడం నేరమని మనకు తెలుసు. వెనక ఇండియన్ పీనల్ కోడ్‌లో 228ఏ, 2024 జూలై 1 నించి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షను. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు, పేరు రాయకపోయినా మనిషిని పోల్చుకోగలిగే వివరాలు కూడా రాయకూడదంది. ఊరిపేరు, తండ్రి వృత్తి, చదివే కాలేజీ, ఇవి చాలు. మన నివేదికల్లో ఇవన్నీ ఉంటాయి. మంచి ఉద్దేశంతోనే ఉంటాయి.

వర్డ్‌ప్రెస్ వంటి వాటిలో ఒక్కొక్కరికి ఒక్కో అధికారం ఇవ్వొచ్చు. కంట్రిబ్యూటరుగా ఉన్నవాళ్లు రాయగలరు గానీ ప్రచురించలేరు. ఎడిటర్ చూసి ప్రచురించాలి. అంటే ఫీల్డునించి వచ్చిన ఏ రాతనైనా రెండో మనిషి కళ్లు చూడకుండా బయటికి పోనివ్వని ఏర్పాటు చేసుకోవచ్చు. మన సంస్థల్లో ఎడిటర్ అంటే సెక్రటరీ అక్కే కానక్కర్లేదు. చట్టం బాగా తెలిసినవాళ్లు అయితే చాలు.

అయితే నమ్మకం మరీ ఎక్కువ పెట్టుకోవద్దు. ఇవి మీకు ఇంజనీర్లు చెప్పరు, చెప్పినా నెమ్మదిగా చెప్పరు, కాబట్టి నేను చెప్తాను. వర్డ్‌ప్రెస్ పాత చిత్తుప్రతులన్నీ దాచిపెడుతుంది. మీరు పేరు రాసి, తరవాత కొట్టేస్తే, బయటివాళ్లకి కనిపించదు గానీ లోపల పాత ప్రతిలో ఉండిపోతుంది. సైట్ ఎవరి చేతిలోనైనా పడితే అదీ పడుతుంది. కాబట్టి పేరు మొదటే రాయకూడదు. రెండోది, రాతని ప్రైవేటుగా పెట్టినంత మాత్రాన దానికి జోడించిన ఫొటో, పీడీఎఫ్ ప్రైవేటు కావు. వాటి చిరునామా తెలిస్తే ఎవరైనా తెరవొచ్చు. ఫైలుకి ఆమె పేరే పెట్టి అప్‌లోడ్ చేసినవాళ్లని చూశాను. బాధితుల కేసు ఫైళ్లు వెబ్‌సైట్ దరిదాపులకి కూడా రాకూడదు. ఏ సాఫ్ట్‌వేరయినా సరే.

భాష సంగతి కూడా చెప్పాలి. మన పాత కరపత్రాలు, పుస్తకాలు డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు పెట్టుకున్నవి. ఫాంటు లేకపోతే మన సారా వ్యతిరేక ఉద్యమం కరపత్రం పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. వెతికితే దొరకదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకి స్థానం ఉంది. ఇవాళ ఓపెన్ సోర్స్ సీఎంఎస్‌లన్నీ యూనికోడ్‌లోనే నడుస్తాయి. వర్డ్‌ప్రెస్ లోపలి మాటల్ని స్వచ్ఛందంగా తెలుగులోకి తెచ్చినవాళ్లున్నారు. కొన్ని మాటలు నాకు నచ్చవు, కానీ నచ్చకపోతే మార్చమని అడిగే దారి ఉంది, నేనే కూర్చుని మార్చే దారీ ఉంది. ఇంగ్లీషు రాదని పక్కన కూర్చునే కార్యకర్త చేతికి సైట్ ఇవ్వగలిగితే సంస్థలో ఎవరి మాట బయటికి వెళ్తుందో మారుతుంది. ఇప్పటిదాకా ఇంగ్లీషొచ్చిన ఒకరిద్దరు రాసిందే సంస్థ గొంతు అయింది. నేను కూడా ఆ ఒకరిద్దరిలో ఉన్నదాన్నే.

ఉదయం ఒక పెద్దామె అడిగారు, "మనకి ఫేస్‌బుక్ పేజీ ఉంది, వాట్సాప్ గ్రూపుంది, ఇంకా ఈ సైట్ యాతన దేనికమ్మా?" అని. మంచి ప్రశ్న. మనుషులు అక్కడున్నారు కాబట్టి మనమూ అక్కడుండాలి. కానీ అది సంతలో బల్ల వేసుకోవడం. బల్ల ఎక్కడ వేయాలో, ఎప్పుడు తీసేయాలో సంత యజమాని చెప్తాడు. 1994లో మొదలైన జియోసిటీస్‌లో మామూలు మనుషులు లక్షల కొద్దీ పేజీలు పెట్టుకున్నారు. 1999లో యాహూ దాన్ని కొంది, 2009 అక్టోబరులో మూసేసింది. కొందరు స్వచ్ఛందంగా రాత్రింబవళ్లు కూర్చుని దించుకున్నంత మేరకే మిగిలింది. సొంత సీఎంఎస్‌లో ఉంటే మొత్తం రాతని ఒక ఫైలుగా దించుకోవచ్చు. ఆ ఫైలుని తీసుకెళ్లి వేరే సర్వర్‌లో పెట్టుకోవచ్చు. నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి దించి బీరువాలో పడేసినా, ఇనప్పెట్టెలో రెండు పేజీలు పోయిన జిరాక్స్ కన్నా నయం.

లోపాలు చెప్పకుండా దిగిపోతే మీకు ద్రోహం చేసినట్టే. ఓపెన్ సోర్స్ ఉచితమని నిధుల దరఖాస్తులో రాయకండి. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు అక్కర్లేకపోవచ్చు గానీ సర్వర్ అద్దె, డొమైన్ రుసుము ఏటా ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువ, దాన్ని చూసుకునే మనిషి శ్రమ ఉంటుంది. 2014 అక్టోబరు 15న ద్రుపల్‌లో పెద్ద భద్రతా లోపం బయటపడి, సరిదిద్దిన కూర్పు వచ్చింది. ఏడు గంటల్లోపు సరిచేసుకోని సైట్లన్నీ చొరబాటుదార్ల చేతిలో పడినట్టే లెక్కవేసుకోమని రెండు వారాల తరవాత వాళ్లే చెప్పారు. మన సంస్థల్లో ఏడు గంటల్లో ఎవరు చేస్తారు? వర్డ్‌ప్రెస్ 2013 నించి చిన్నచిన్న సవరణల్ని దానంతటదే చేసుకుంటుంది కాబట్టి చిన్న సంస్థలకి నేను దాన్నే చెప్తాను. అయినా దానికి తగిలించే ప్లగిన్ల విషయంలో పిసినారితనం మంచిది. ఇల్లు సర్దుకున్నట్టే, వాడనిది తీసేయాలి.

ఆ శ్రమ ఎవరిది? సాధారణంగా ఆఫీసులో 'కంప్యూటర్ చూసుకునే అమ్మాయి' అని ఒకరుంటారు. ఆమె ఉద్యోగం పేరు అకౌంట్స్ అసిస్టెంటో, ఫీల్డ్ కోఆర్డినేటరో అయి ఉంటుంది. సైట్ పని దానికి అదనం. ఇంటి చాకిరీ లాగే అది చేసినన్నాళ్లూ ఎవరికీ కనిపించదు, ఆగిపోయినప్పుడే కనిపిస్తుంది. దాతలు సైట్ తయారీకి ఒకసారి డబ్బిస్తారు, నిలబెట్టడానికి ఇవ్వరు. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితి 50 శాతం నించి 20 శాతానికి తగ్గాక ఇట్లాంటి పనులకి జీతం చూపించడం మరీ కష్టమైంది. అయినా ఆమె పనిని పద్దులో రాయండి. గంటలు లెక్కగట్టి రాయండి.

స్వేచ్ఛ గురించి అంత మాట్లాడే ఆ లోకంలోనూ మన స్థానం ఏపాటిదో చూడాలి. యూరోపియన్ యూనియన్ కోసం చేసిన ఒక అధ్యయనం 2006లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ సమూహాల్లో స్త్రీలు ఒకటిన్నర శాతమని తేల్చింది. డబ్బుకి అమ్మే సాఫ్ట్‌వేర్ రంగంలో అప్పటికి 28 శాతం. 2017లో గిట్‌హబ్ చేసిన సర్వేలో మూడు శాతం. జీతం లేని పనికి ఖాళీ సమయం కావాలి, ఆ ఖాళీ ఎవరికుంటుందో మన ఉద్యమం నలభై ఏళ్లుగా చెప్తూనే ఉంది. 2020 డిసెంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.6 కూర్పు విడుదల బాధ్యతంతా స్త్రీలు, నాన్‌బైనరీ వ్యక్తులు ఉన్న బృందమే చూసింది. సంతోషమే. కానీ 2024లో దాని వ్యవస్థాపకుడికీ ఒక హోస్టింగ్ కంపెనీకీ తగాదా వచ్చినప్పుడు, ఇంత పెద్ద ఉమ్మడి ఆస్తి మీద ఒక్క మగవాడి మాట ఎంత దూరం చెల్లుతుందో అందరూ చూశారు. లైసెన్సు మనకి వేరుపడే హక్కు ఇస్తుంది. ఆ హక్కు వాడుకునే ఓపిక, నైపుణ్యం మనకి వేరేగా కావాలి.

ఆ జిల్లా సంస్థ సంగతి చెప్పి ముగిస్తాను. వాళ్లు ఇప్పుడు వర్డ్‌ప్రెస్‌లో కొత్త సైట్ పెట్టుకున్నారు. డొమైన్ సంస్థ పేరు మీదే ఉంది. పాస్‌వర్డులు ఇద్దరి దగ్గర ఉన్నాయి. కొన్ని పాత పేజీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరికాయి, మిగతావి దొరకలేదు. కౌన్సెలింగ్ నంబరు పోయిన నెల మళ్లీ మారింది. అకౌంట్స్ చూసే అమ్మాయి బస్సులో వస్తూ ఫోన్‌లోనే మార్చేసిందట, అయిదు నిమిషాల్లో.

మధ్యాహ్నం భోజనాల తరవాత కంప్యూటర్ల గదిలో కలుద్దాం. ఈలోగా ఒక్క పని చేయండి. మీ సంస్థ డొమైన్ ఎవరి పేరు మీదుందో, గడువు ఎప్పుడు తీరుతుందో, పాస్‌వర్డు ఎవరెవరి దగ్గరుందో కాగితం మీద రాసుకురండి. పాస్‌వర్డు మాత్రం రాయకండి. తెలియనివాళ్లు ఇప్పుడే ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి.